తువ్వాలు వేసిన కుర్చీ

బస్సు పూర్తిగా ఆగకముందే ధనమ్మ తువ్వాలు కిటికీలోంచి లోపలికి వెళ్లి సీటు మీద పడింది. ఆ తర్వాత ధనమ్మ తీరిగ్గా ఎక్కింది. ఇక తొందరెందుకు? ఆ చుట్టుపక్కల ఊళ్లలో తువ్వాలు పడిన సీటులో ఎవరూ కూర్చోరు. తెలియక ఎవడైనా కూర్చుంటే వాణ్ని లేపడానికి బస్సంతా ఒక్కటవుతుంది. ఆడవాళ్లకు టికెట్ లేదన్నప్పటి నుంచి, రేపల్లె నుంచి బాపట్ల వెళ్లే ఆ పొద్దుటి బస్సు అడవులదీవికి వచ్చేసరికే నిండిపోతోంది. ఇక్కడ దిగేవాళ్లు వదిలిన నాలుగు సీట్ల కోసమే ఆ హడావుడంతా. అయినా తువ్వాలు మర్యాద మాత్రం తగ్గలేదు.

ఆమె కిటికీ పక్కకు జరిగి, తువ్వాలు తీసి రెండో సీటు మీద పరిచింది. పాత చీరాల తువ్వాలు, ఎర్ర గళ్లది. ఉతికి ఉతికి అంచుల దగ్గర దారాలు లేచాయి గానీ ఎరుపు ఇంకా ఎరుపుగానే ఉంది. రాడ్డు పట్టుకుని నిలబడ్డ పెద్దాయన తువ్వాలు వంకా ఆమె వంకా చూశాడు.

"ఎవరికమ్మా?"

"వస్తారండి."

"ఎక్కడ?"

"పిట్టలవానిపాలెంలో."

ఆయన మొహం చిట్లించుకుని అటు తిరిగాడు. కూర్చోలేదు.

ధనమ్మ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎడమ భుజం కుడి భుజం కన్నా కాస్త దిగువకు ఉంటుంది. వయసులో ఉండగా ఎండుచేపల గంప మోసి ఊరూరూ తిరిగిన గుర్తు అది. చేతివేళ్లు ఫినాయిలు నీళ్లకు పగిలి, కొసలు తెల్లబడ్డాయి. కొన్నాళ్లుగా ఆ ఎడమ భుజంలోనే నొప్పి. పొద్దున లేవగానే మొదలై, పని వేడిలో మరుగున పడి, సాయంత్రం మళ్లీ పలకరిస్తోంది. గ్యాసు అనుకుంది ధనమ్మ. మన వైపు గుండె నుంచి మోకాలి దాకా ఏ నొప్పి వచ్చినా ముందు గ్యాసు పేరే చెబుతాం. సోడా తాగుతాం, వాము నములుతాం, ఒక తేపు వస్తే తగ్గిందనుకుంటాం.

పిట్టలవానిపాలెంలో నాగవేణి ఎక్కింది. ధనమ్మతో పాటు పనిచేసే మనిషి, ఆమె కన్నా బాగా చిన్నది. తువ్వాలు ఎత్తి కూర్చుంటూ ధనమ్మను ఎగాదిగా చూసింది.

"ఏంటత్తా, మెంతిరంగు చీర కట్టావు? పెళ్లికా?"

"సాయంత్రం నాటకం ఉందిగా."

"మనల్ని కూచోనిస్తారంటావా?"

ధనమ్మ తువ్వాలు తీసుకుని మడతపెట్టి ఒళ్లో పెట్టుకుంది.

బాపట్ల ఊరి బయట, రోడ్డుకు అటు వరిచేలూ ఇటు విశ్వవిద్యాలయం ప్రాంగణమూ ఉంటాయి. గేటు దాటగానే ఒక పెద్ద బోర్డు. దాని నెత్తిన 'రాబోయే కార్యక్రమాలు' అని రంగు అక్షరాలు. ఆ బోర్డు ముందు ఆగి చదివే విద్యార్థులు తక్కువ. రోజూ ఆగి, కూడబలుక్కుని, ఒక్కో అక్షరం చదివేది ధనమ్మే. నేల సారం మీద ఉపన్యాసం, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో శిక్షణ, కూచిపూడి ప్రదర్శన, తేనెటీగల పెంపకం, నీటి రంగుల చిత్రకళ, సైబరు నేరాలు. ఏ రోజు ఏది ఉందో ఆమెకు తెలియాలి. తెలియకపోతే ఆ రోజు తాను దేని గురించి తల ఊపబోతోందో ఎలా తెలుస్తుంది?

ఊడ్చి తుడిచి కుర్చీలు సర్దడంతో సభామందిరంలో ఆమె పని అయిపోదు. కార్యక్రమం మొదలయ్యే వేళకు జనం పలచగా ఉంటే, హాలు చూసుకునే రమేష్ బాబు మెట్ల దగ్గరికి వచ్చి చప్పట్లు కొడతాడు. "అక్కలూ, కోట్లు తీసి రండి." పనివాళ్లంతా నీలం కోట్లు విప్పి చీపుర్ల గదిలో మేకుకు తగిలించి, చీరలు సర్దుకుని లోపలికి వెళ్లి కూర్చుంటారు. ఒక్కచోట కూర్చోకూడదు. అక్కడొకరు, ఇక్కడొకరు. ఫోటోలో హాలు నిండుగా కనిపించాలి. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు కుర్చీ డ్యూటీ. అలా ధనమ్మ ఏళ్ల తరబడి విన్నన్ని ఉపన్యాసాలు ఏ ఆచార్యుడూ విని ఉండడు. వాటిలో చాలా వరకు కళ్లు మూసుకుని విన్నది, అది వేరే సంగతి.

జనం నిండుగా వచ్చే రోజు మాత్రం కుర్చీ డ్యూటీ ఉండదు. ఆటలూ పాటలూ ఉన్న రోజులన్నీ అలాంటివే. అప్పుడు కోట్లు వేసుకుని బయట వరండాలో నిలబడి, తలుపు తెరుచుకున్నప్పుడల్లా దూసుకొచ్చే గజ్జెల చప్పుడు వినాలి. ధనమ్మ ఇన్నేళ్లలో ఒక్క ఆటా చూడలేదు. ఆమెకు దాని మీద పెద్ద బాధ కూడా లేదు. ఈ వారం బోర్డు మీద 'తెనాలి కళాకారులచే పౌరాణిక పద్యనాటకం' అన్న వరుస చదివేదాకా లేదు.

ఆమె భర్త బ్రహ్మానందం బోటు మీద పనిచేసేవాడు. ఎండాకాలంలో వేట మానేసే రోజులు వచ్చాయంటే, చేసంచిలో రెండు చొక్కాలు పెట్టుకుని, ఈ ఎర్ర తువ్వాలు తలకు చుట్టి తెనాలి బస్సెక్కేవాడు. నాటకాల వాళ్లతో ఊళ్లు తిరిగేవాడు. పెద్ద వేషం కాదు. సభలో ద్వారం దగ్గర నిలబడి రాజు వస్తున్నాడని చెప్పే వేషం. దానికి ఒకే ఒక్క పద్యం. ఆ ఒక్క పద్యాన్నీ ఏడాది పొడుగునా వల బాగుచేస్తూ పాడేవాడు, అన్నం తింటూ పాడేవాడు. ఎదిరింటి వాళ్ల మేకకు కూడా వచ్చేసి ఉంటుందనేది ధనమ్మ. ఒకసారి, పెళ్లయిన కొత్తలో, నేనూ వస్తాను చూట్టానికి అంది. "నువ్వొచ్చి ఎదురుగా కూచుంటే నాకు గొంతులోంచి పద్యం ఊడిపడదే" అన్నాడతను. ఆమె అదే పట్టుకుంది. మళ్లీ అడగలేదు. ఒక వానాకాలం కామెర్లు వచ్చి అతను పోయాడు. తువ్వాలు మిగిలింది.

ఆ నాటకం ఎలా ఉంటుందో, తన మనిషిని వేసవి వేసవికీ పిలుచుకుపోయినదేమిటో, తెర లేచిన దగ్గర నుంచి మంగళం దాకా కుర్చీలో కూర్చుని చూడాలి. ధనమ్మ కోరిందల్లా అదే. వారం నుంచి రమేష్ బాబును అడుగుతూనే ఉంది. అతను చెడ్డవాడు కాదు. జనం రాకపోతే నిన్ను ముందు వరుసలోనే కూర్చోబెడతానన్నాడు. దాంతో ధనమ్మ వచ్చేపోయే దారిలో కనపడ్డ దేవుడికల్లా ఎవరూ రాకూడదని మొక్కుకోవడం మొదలుపెట్టింది. కార్యక్రమం జయప్రదం కావాలని కోరుకునేవాళ్లు ప్రాంగణం నిండా ఉండగా, పాడైపోవాలని కోరుకున్నది ఆమె ఒక్కతే.

పొద్దున కార్యక్రమం 'ఒత్తిడిని జయించడం ఎలా' అన్న శిక్షణ. విజయవాడ నుంచి ఒకాయన వచ్చాడు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి కాబట్టి ఒత్తిడి ఉన్న పిల్లలెవరూ రాలేదు. రమేష్ బాబు చప్పట్లు కొట్టాడు. కోట్లు మేకుకు ఎక్కాయి. ధనమ్మ నాలుగో వరుసలో, నాగవేణి దూరంగా కిటికీ దగ్గర కూర్చున్నారు.

వచ్చినాయన మంచి గొంతున్నవాడు. అందరినీ కళ్లు మూసుకోమన్నాడు. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు పనివాళ్లంతా మూసేశారు. తెల్లారకముందే లేచిన మనుషులు వాళ్లు.

"గట్టిగా ఊపిరి పీల్చుకోండి. మీకు ఎక్కడ ఉంటే హాయిగా ఉంటుందో ఆ చోటు ఊహించుకోండి. కొండలు కావచ్చు, సముద్రం ఒడ్డు కావచ్చు."

సముద్రం ఒడ్డున చేపలు ఎండేసిన ధనమ్మకు అది హాయైన చోటని ఎప్పుడూ తోచలేదు. ఆమె ఇదే హాలు ఊహించుకుంది. ముందు వరుసలో ఒక కుర్చీ, ఎదురుగా తెర. ఊపిరి గట్టిగా పీల్చేసరికి భుజంలో నొప్పి ఛాతీలోకి దిగి, లోపల ఎవరో గుడ్డ పిండినట్టు పట్టేసింది. ఆమె కళ్లు తెరిచింది. చుట్టూ అందరూ హాయిగా ఉన్నారు. కిటికీ దగ్గర నాగవేణి చిన్నగా గురక పెడుతోంది. లేచి వెళితే ఫోటోలో వరుస బోసిపోతుంది. ధనమ్మ ముందు కుర్చీ వీపు పట్టుకుని, నొప్పి వదిలేదాకా అలాగే కూర్చుంది. చివర్లో అందరితో పాటు చప్పట్లు కూడా కొట్టింది.

మధ్యాహ్నం తెనాలి వాళ్ల వ్యాను వచ్చింది. వేషాల పెట్టెలు, హార్మోనియం, గుడ్డలో చుట్టిన గదలు, కిరీటాలు దించారు. ధనమ్మ కోటు మీదే తువ్వాలు భుజాన వేసుకుని, మంచినీళ్ల క్యాను మోసుకుంటూ వేషాల గదికి వెళ్లింది. మూల కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని, కళ్లకు అడ్డంగా చెయ్యి పెట్టుకుని ఆమెనే చూస్తున్నాడు. నాటక సమాజం పెద్ద, చెంచురామయ్య. ఆ పేరు ఆమె ఇంట్లో చాలాసార్లు విన్నదే.

"ఆ తువ్వాలు ఎక్కడిదమ్మా నీకు?"

"మా ఆయనదండి. అడవులదీవి బ్రహ్మానందం ఇంటిదాన్ని."

ముసలాయన నీళ్ల గ్లాసు అందుకుని, తాగకుండా పట్టుకున్నాడు.

"నువ్వేనా? వస్తది వస్తదనేవాడు, ఎన్నేళ్లయినా నువ్వు రాలేదు."

ధనమ్మకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. జనం నేలమీద కూర్చుని నాటకాలు చూసే రోజులవి. రంగస్థలం కట్టడం కాగానే బ్రహ్మానందం ముందు మంచి చోటు చూసి ఈ తువ్వాలు పరిచేవాడు. ఎవరికిరా అంటే, మా ఇంటిది వస్తదేమోనండీ అనేవాడు. ఏ ఊరెళ్లినా అంతే. జనం కిక్కిరిసినా ఆ చోటు తువ్వాలుతో అలాగే ఉండేది. మంగళం పాడాక దులుపుకుని తలకు చుట్టుకునేవాడు.

"నన్ను రావద్దన్నాడండి" అంది ధనమ్మ. "నేనొస్తే పద్యం రాదన్నాడు."

"వేళాకోళానికన్నాడేమో తల్లీ."

ఆమె క్యాను కింద పెట్టింది. ఒక నవ్వు మాటను పట్టుకుని, ముప్పై వేసవులు ఇంట్లో కూర్చుంది. కోపం వచ్చిందామెకు, అతని మీద, తన మీద. ఒక్కసారి గట్టిగా పిలిస్తే ఏం పోయింది? తను ఇంకోసారి అడిగితే ఏం పోయింది? అడగనందుకు ఆమెకు లోలోపల గర్వంగా కూడా ఉండేది, మొగుడి మాట జవదాటలేదని. ఇప్పుడా గర్వాన్ని ఎక్కడ పారేయాలో తెలియలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆయన పద్యం ఉంటదాండి ఇయ్యాళ?"

"కోసేశామమ్మా. టైము చాలదంటన్నారు అందరూ." చెంచురామయ్య గ్లాసు పక్కన పెట్టాడు. "నీ కోసం నేనే పాడతాలే. ఆపరేషన్ చేసినా ఈ కళ్లకు దూరం ఆనటం లేదు. నాక్కనపడేట్టు దగ్గర్లో కూచో."

అక్కణ్నుంచి ఆమె తిన్నగా హాల్లోకి వెళ్లింది. ముందు రెండు వరుసలకు తెల్లగుడ్డలు తొడిగి, అతిథుల పేర్లు అంటించి ఉన్నాయి. వాటి వెనక, మూడో వరుసలో దారి పక్క కుర్చీ. అక్కణ్నుంచి వేదిక సూటిగా కనిపిస్తుంది. ఆ కుర్చీని తానే ఎన్నిసార్లు తుడిచిందో లెక్కలేదు. ఇవాళ ఇంకోసారి తుడిచి, భుజం మీద తువ్వాలు తీసి, విప్పి, కుర్చీ నిండా పరిచింది.

"ఇదేమన్నా రేపల్లె బస్సనుకున్నావా ధనమ్మా?" వెనక నుంచి రమేష్ బాబు అన్నాడు.

ఆమె ఉలిక్కిపడింది. అయినా తువ్వాలు తీయలేదు.

"తెనాలి నుంచి, రేపల్లె నుంచి కాలేజీ బస్సులు బయల్దేరాయంట. హాలు పట్టదు."

"ఈ ఒక్కటీ సార్. మళ్లీ అడగను."

రమేష్ బాబు ఆమె మొహం చూశాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "సరే. నేనైతే తియ్యను. ఎవరన్నా తీసి కూచుంటే మాత్రం నేను లేపలేను. తర్వాత నన్నడక్కు."

"తియ్యరు సార్" అంది ధనమ్మ.

చీపుర్ల గదికి వచ్చేసరికి ఆమెకు చెమటలు పోస్తున్నాయి. గోడ వారన పాత కార్యక్రమాల ఫ్లెక్సీలు మడతలు పెట్టి పేర్చి ఉంటాయి. అయిపోయిన ఉపన్యాసాలు, అయిపోయిన శిక్షణలు. పనివాళ్లు మధ్యాహ్నం నడుం వాల్చేది వాటి మీదే. ధనమ్మ కోటు విప్పి మేకుకు తగిలించింది. చీర నలగకుండా కుచ్చిళ్లు సర్దుకుని, ఒక పక్కకు వాలింది.

"మొహం అట్టా ఉందేంటత్తా?" అంది నాగవేణి.

"గ్యాసే. సోడా ఉంటే పట్రా." వెళ్లబోతున్న దాన్ని మళ్లీ పిలిచింది. "వేణీ, మొదలెట్టేప్పుడు లేపు. మర్చిపోయేవు."

"మర్చిపోతానా!"

క్యాంటీన్‌లో జనం ఉన్నారు. నాగవేణి సోడా తెచ్చేసరికి ధనమ్మ గోడవైపు తిరిగి ఉంది. కొంగు మొహం మీదికి లాక్కుని ఉంది. తెల్లారకముందు లేచిన మనిషి, కాసేపు పడుకోనీ అనుకుంది నాగవేణి. సీసా ఆమె తల దగ్గర పెట్టి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. బయట బస్సులు వచ్చాయి. మెట్ల మీద చెప్పుల చప్పుడు, కేకలు, నవ్వులు. ధనమ్మ మొక్కులు ఏ దేవుడూ వినలేదు.

పొద్దు వాలాక, హార్మోనియం మీద మొదటి స్వరం పలికినప్పుడు నాగవేణి పరుగెత్తుకొచ్చింది.

"అత్తా, లే! మొదలెడతన్నారు!"

భుజం పట్టి కుదిపింది. ఆ దిగువకు ఉండే భుజం చల్లగా ఉంది. నాగవేణి ఇంకోసారి పిలిచింది, ఈసారి మెల్లగా. తల దగ్గర సోడా సీసా మూత తీయకుండానే ఉంది.

నాటకం ఆగలేదు. హాల్లో గానీ వేదిక మీద గానీ ఎవరికీ చెప్పలేదు. రమేష్ బాబు వచ్చి చూసి, గుమ్మంలో కూలబడి తల పట్టుకున్నాడు. తర్వాత లేచి ఫోన్లు చేశాడు. ధనమ్మ కొడుకు చిన్నా వేటకు వెళ్లాడు. అతని ఫోను అందలేదు. అంబులెన్సు మోత లేకుండా వెనక గేటు నుంచి వచ్చింది. మెంతిరంగు చీర పెద్దగా నలగలేదు. నాగవేణి కూడా ఎక్కింది. ఎక్కి, నీలం కోటు ఇంకా వేసుకునే ఉన్నానని చూసుకుని, అప్పుడు ఏడ్చింది.

రమేష్ బాబు చేతులు కడుక్కుని తిరిగి హాలు తలుపు దగ్గరికి వచ్చాడు. కుర్చీలు చాలక కుర్రవాళ్లు మెట్ల మీద కూర్చున్నారు. గోడల వెంట, తలుపుల దగ్గర మనుషులు నిలబడి ఉన్నారు. అతను మూడో వరుస వైపు చూశాడు. ఎర్ర తువ్వాలు వేసింది వేసినట్టే ఉంది. ఆలస్యంగా వచ్చిన ఒక పంచెకట్టు ఆసామి వంగి వంగి నడుస్తూ ఆ కుర్చీ దాకా వెళ్లాడు. తువ్వాలు చూసి ఆగాడు. పక్క కుర్చీలో ఉన్న అమ్మాయి తల ఎత్తింది.

"ఎవరో వస్తారండీ. తువ్వాలేసి వెళ్లారు."

ఆసామి తల ఊపి, వెనక్కి వెళ్లి గోడకు ఆనుకున్నాడు. రమేష్ బాబు అతన్ని పిలిచి కూర్చోమనవచ్చు. అతని పని అదే. పిలవలేదు.

సభారంగం వచ్చింది. ద్వారపాలకుడి వేషంలో చెంచురామయ్య ముందుకు వచ్చాడు. నాటకంలో లేని పద్యం ఎందుకొచ్చిందో తెలియక హార్మోనియం ఒక్క క్షణం తడబడి, తర్వాత అందుకుంది. ముసలి గొంతు మొదట బీటలు వారింది, తర్వాత నిలబడింది. దీపాల వెలుగు కళ్లలో పడి ఆయనకు ఎదుట ఏదీ ఆనలేదు. మూడో వరుసలో దారి పక్కన ఎర్రగా ఉన్నది మాత్రం కనిపించింది. వచ్చిందనుకున్నాడు. అటే చూస్తూ, చెయ్యి చాచి, రాజు వస్తున్నాడన్న పద్యం మొత్తం పాడాడు. హాలంతా చప్పట్లు కొట్టింది.

మంగళం పాడారు. జనం లేచి, తోసుకుంటూ బస్సుల వైపు వెళ్లారు. దారి పక్క కుర్చీలో ఎర్ర గళ్ల తువ్వాలు, ధనమ్మ చేతి మడతల గీతలతో, అంచు ఒకటి కిందికి జారి ఉంది.